నోవహు ఓడ కథలో దేవుడు నొచ్చుకున్న చోటు

(గత ఆదివారం సాయంత్రం బైబిల్ అధ్యయన కూటంలో ఇచ్చిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ వందనాలు. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ చాపలు ఖాళీగానే ఉన్నాయి. పెద్దవాళ్లకు కుర్చీలు ఇవ్వండి బాబూ.

మూడు వారాల కిందట సండే స్కూల్లో పిల్లలకు నోవహు ఓడ బొమ్మ గీయమని చెప్పాం. అందరూ గీశారు. ఓడ, కిటికీలోంచి తల బయటపెట్టిన జిరాఫీ, రెండు కోతులు, పైన ఇంద్రధనుస్సు. ఒక పాప మాత్రం పెన్సిల్ పట్టుకుని అలాగే కూర్చుంది. ఏడెనిమిదేళ్లు ఉంటాయి. ఏమ్మా, గీయలేదేం అని అడిగాను. ఆ పాప నన్ను అడిగింది: "అయ్యగారూ, ఓడ ఎక్కనివాళ్లని ఎక్కడ గీయాలి?"

నాకు మాట రాలేదు. ముప్ఫై ఏళ్లుగా వాక్యం చెబుతున్నాను. ఈ కథ మీద ఎన్నిసార్లు ప్రసంగం చేశానో లెక్క లేదు. ఓడ లోపల ఉన్నవాళ్ల గురించే చెప్పాను. ఓడ బయట ఎవరున్నారో నాకు తెలియదా? తెలుసు. మీకూ తెలుసు. కానీ మనం ఆ బొమ్మ గీయలేదు. పిల్లలకు గోడ మీద వేసే బొమ్మల్లోంచి వాళ్లని తీసేశాం. అందుకే ఈ రోజు ఆదికాండము ఆరో అధ్యాయం నుంచి తొమ్మిదో అధ్యాయం దాకా మళ్లీ చదువుదాం అనుకున్నాను. ఆ పాప ప్రశ్న పక్కన పెట్టుకుని చదువుదాం.

ఆరో అధ్యాయం ఐదో వచనం తీయండి. నరుల చెడుతనం భూమిమీద గొప్పదని, వాళ్ల హృదయంలోని తలంపుల ఊహ అంతా ఎల్లప్పుడూ కేవలం చెడ్డదని దేవుడు చూశాడు. ఎన్ని మాటలు పెట్టాడో చూడండి. "అంతయు." "ఎల్లప్పుడు." "కేవలము." ఒకటి చాలదా? మూడు పెట్టాడు. ఎక్కడా సందు లేకుండా మూసేశాడు. ఈ వచనాన్ని గుర్తుపెట్టుకోండి, వేలు అక్కడే ఉంచండి. మళ్లీ వెనక్కి వస్తాం.

ఇప్పుడు ఆరో వచనం. మనుషులను చేసినందుకు దేవుడు సంతాపం పొంది, "తన హృదయములో నొచ్చుకొనెను."

నొచ్చుకున్నాడు. ఈ మాట దగ్గర కాసేపు ఆగుదాం. మన తెలుగు బైబిల్ తర్జుమా చేసిన ఆ పెద్దలు ఎంత మంచి మాట పెట్టారో! కోపగించాడు అనలేదు. ఆగ్రహించాడు అనలేదు. మన ఇళ్లల్లో ఈ మాట ఎప్పుడు వాడతాం? రోడ్డు మీద ఎవడో తిడితే కోపం వస్తుంది, నొచ్చుకోం. సొంత కొడుకు ఒక మాట అంటే నొచ్చుకుంటాం. అక్క పెళ్లికి పిలవలేదని నొచ్చుకుంటాం. కోపం ఎవరి మీదైనా వస్తుంది. నొచ్చుకోవడం మాత్రం అయినవాళ్ల దగ్గరే. అవునా కాదా?

హీబ్రూలో ఇంకో సంగతి ఉంది. సెమినరీలో కొద్దిగా ఆ భాష నేర్పారు కాబట్టి చెబుతున్నాను. ఇక్కడ నొచ్చుకున్నాడు అనే మాటకు ఏ ధాతువు ఉందో, మూడో అధ్యాయంలో హవ్వ వేదనతో పిల్లలను కంటుంది అన్నచోట అదే ధాతువు ఉంది. ఆదాము ప్రయాసపడి పంట తింటాడు అన్నచోట కూడా అదే. అంటే ఏమిటి? ఏదెను తోటలో స్త్రీకి వచ్చిన నొప్పి, పురుషుడికి వచ్చిన నొప్పి, ఆరో అధ్యాయానికి వచ్చేసరికి దేవుడి గుండెలోకి వచ్చింది. జలప్రళయం కథ వానతో మొదలుకాలేదు. ఈ నొప్పితో మొదలైంది. ఒక్క చుక్క కురవకముందే దేవుడి గుండె తడిసింది.

మరి దేవుడు తాను చేసినదానికి బాధపడటం ఏమిటి, దేవుడు పొరపాటు చేశాడా అని కొందరు అడుగుతారు. మొదటి సమూయేలు 15వ అధ్యాయంలో కూడా ఇదే చిక్కు ఉంది. సౌలును రాజుగా చేసినందుకు దేవుడు పశ్చాత్తాపపడ్డాడు అని ఒకచోట, పశ్చాత్తాపపడటానికి ఆయన నరుడు కాడు అని అదే అధ్యాయంలో ఇంకోచోట. రెండూ పక్కపక్కనే రాసి పెట్టారు. ఒకటి చెరిపేసి ఇంకోటి ఉంచలేదు. నేనూ చెరపను. దేవుడు మాట తప్పేవాడు కాడు, అలాగని మనం ఏం చేసినా బాధ కలగని రాయీ కాడు. అంతవరకు చెప్పి ముందుకు వెళతాను.

అసలు ఆ రోజుల్లో జరిగిన పాపం ఏమిటి? ఇక్కడ మనవాళ్లు తొందరపడి తాగుడు, జూదం, సినిమాలు అని జాబితా వేసేస్తారు. వాక్యం ఏమంటోంది? పదకొండో వచనం: "భూలోకము బలాత్కారముతో నిండియుండెను." బలాత్కారం. బలం ఉన్నవాడు బలం లేనివాడి మీద చేసేది. అంతకుముందు అధ్యాయాలు చూడండి. కయీను తమ్ముడు హేబెలును పొలంలో చంపాడు. ఆ కయీను వంశంలో లెమెకు అనేవాడు పుట్టాడు. నోవహు తండ్రి కాదు, ఆ పేరుతోనే ఇంకొకడు. వాడు తన ఇద్దరు భార్యలను కూర్చోబెట్టి, నన్ను గాయపరిచినందుకు ఒక పడుచువాణ్ణి చంపాను, కయీనుకు ఏడంతలైతే నాకు డెబ్బై ఏడంతల పగ అని పాట కట్టి పాడాడు. కయీను కనీసం దాచాలని చూశాడు. నా తమ్ముడికి నేను కావలివాడినా అన్నాడు. లెమెకు పాడుకున్నాడు. హత్య పాట అయిపోయింది. అలాంటి పాటలు పాడుకునే లోకాన్ని ఊహించుకోండి.

అందుకే చెబుతున్నాను, తీర్పు అనే మాటే వద్దు, దేవుడంటే ప్రేమ మాత్రమే అనేవాళ్లు నాకు ఎదురైతే నేను ఒకటి అడుగుతాను. దెబ్బ తిన్నవాడి దగ్గరికి వెళ్లి ఆ మాట చెప్పగలరా? కూతురికి అన్యాయం జరిగి, పెద్దమనుషులు రాజీ చేసుకోమంటే, ఊళ్లో ఎవరూ అడగకపోతే, ఆ తల్లికి చూసే దేవుడు కావాలి. హేబెలు రక్తం నేలలోంచి మొర పెడితే వినే దేవుడు కావాలి. ఆ మొర వినిపించని దేవుడు ప్రేమ గల దేవుడు ఎలా అవుతాడు? తీర్పును నేను తీసేయను. తీసేస్తే ముందు నష్టపోయేది పేదవాడే.

కానీ ఆ తీర్పు ఎలా వచ్చిందో చూడండి. హీబ్రూలో పదకొండు, పన్నెండు, పదమూడు వచనాల్లో ఒకే ధాతువు మళ్లీ మళ్లీ వస్తుంది. భూలోకం చెడిపోయింది. మనుషులు తమ మార్గాన్ని చెరిపేసుకున్నారు. కాబట్టి నేను వాళ్లను చెరిపేస్తాను. మన భాషలో కూడా చెడు, చెరుపు ఒకే కుదురు మాటలు కదా. చెడిపోయినదాన్నే ఆయన చెరిపాడు. వాళ్లు మొదలుపెట్టిందే చివరికంటా వెళ్లింది. ఇల్లు పునాది దగ్గర తవ్వుకుంటూ పోతే ఒకరోజు ఇల్లు కూలుతుంది. ఆ కూలిన రోజుకు తీర్పు అని పేరు.

ఏడో అధ్యాయం పదకొండో వచనం నాకు చాలా ఇష్టమైన వచనం, భయం పుట్టించే వచనం కూడా. మహాగాధ జలముల ఊటలన్నీ విడబడ్డాయి, "ఆకాశపు తూములు" విప్పబడ్డాయి. తూములు! ఇక్కడ వ్యవసాయం చేసినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. సగం మంది పైనే ఉన్నారు. చెరువు తూము అంటే మీకు చెప్పాలా? తూము మూసి ఉన్నంతకాలం కట్టకు ఇవతల ఊరు, అవతల నీళ్లు. ఆదికాండము మొదటి అధ్యాయంలో దేవుడు చేసింది అదే. పైనున్న నీళ్లను, కిందున్న నీళ్లను వేరుచేసి మధ్యలో మనకు చోటు ఇచ్చాడు. మనం బతుకుతున్నది కట్టకు ఇవతల. ఏడో అధ్యాయంలో కట్ట పోయింది. కింద నుంచి ఊటలు, పై నుంచి తూములు. సృష్టిని మొదటి అధ్యాయం నుంచి వెనక్కి తిప్పినట్టు. అప్పుడు ఏముంది? నీళ్లు. మొదట్లోనూ నీళ్లే, ఇప్పుడూ నీళ్లే.

ఇలాంటి ప్రళయం కథలు వేరే జాతుల్లోనూ ఉన్నాయి. కాలేజీ పిల్లలు ఇంటర్నెట్‌లో చూసి వచ్చి, అయ్యగారూ, బైబిల్ ఇది కాపీ కొట్టిందట కదా అని టెన్షన్ పడుతూ అడుగుతారు. టెన్షన్ అక్కర్లేదు. 1872లో లండన్‌లో, బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే జార్జ్ స్మిత్ అనే ఆయన నీనెవె అనే పాత పట్టణం తవ్వకాల్లో దొరికిన మట్టిపలకలు చదువుతూ, గిల్గమేషు అనే రాజు గురించిన పాత మెసొపొటేమియా కథలో జలప్రళయం ఉన్నదని బయటపెట్టాడు. అక్కడా ఓడ ఉంది, పక్షులను వదలడం ఉంది, కొండ మీద ఆగడం ఉంది. దానికంటే పాతది అత్రహసీసు కథ, క్రీస్తుకు 1600 ఏళ్లకు ముందే మట్టిపలకల మీద రాసినది. పోలికలు ఉన్నాయి. దాచాల్సిన పనిలేదు. అయితే తేడా ఎక్కడుందో చూడండి. అత్రహసీసు కథలో దేవతలు ప్రళయం ఎందుకు పంపారు? మనుషులు ఎక్కువై గోల చేస్తున్నారట, ఎన్లిలు అనే దేవుడికి నిద్ర పట్టలేదట. అందుకు! ప్రళయం అయ్యాక అర్పణ వాసనకు దేవతలు ఈగల్లా మూగారు, ఆకలితో. ఆ తర్వాత మనుషులు మళ్లీ పెరిగిపోకుండా కొందరు స్త్రీలకు గొడ్రాలితనం, పసిపిల్లలను ఎత్తుకుపోయే దయ్యం ఏర్పాటు చేశారు. ఆదికాండములో మన దేవుడి నిద్ర చెడలేదు. ఆయన గుండె నొచ్చింది. ప్రళయం అయ్యాక చెప్పిన మొదటి ఆశీర్వాదం ఏమిటి? ఫలించి అభివృద్ధి పొంది భూమిని నింపండి. గోల చేసినా సరే, నింపండి.

మన దేశంలో మత్స్యావతారం కథ అందరికీ తెలిసిందే. పోతన గారి భాగవతంలో సత్యవ్రతుడు, చేప, ఓడ. చిన్నప్పుడు బడిలో మేమూ విన్నాం. అక్కడ ప్రళయం బ్రహ్మకు పగలు అయిపోయి రాత్రి వచ్చినప్పుడు వచ్చేది. కాలం తిరగడంలో భాగం. ఎవరి పాపానికీ శిక్షగా రాలేదు. ఒక్కో కథ ఒక్కో ప్రశ్నకు పుట్టింది, అంతే. ఒకదాన్ని తక్కువ చేయడానికి చెప్పడం లేదు. ఆదికాండము అడిగే ప్రశ్న వేరు: మనిషి ఇలా ఉంటే, దేవుడు అతనితో ఏం చేయాలి?

ఇప్పుడు నోవహు దగ్గరికి వద్దాం.

నోవహు నీతిపరుడు, "తన తరములో నిందారహితుడు." తన తరములో. ఈ ఒక్క మాట మీద యూదుల రబ్బీలు చాలా వాదించుకున్నారు. తల్మూదు అనే వాళ్ల బోధల గ్రంథంలో ఉంది. రబ్బీ యోహానాను ఏమన్నాడంటే, తన తరంలోనే నీతిపరుడు, వేరే తరంలో పుట్టి ఉంటే లెక్కలోకి రాడు. రేష్ లాకీషు అన్నాడు, కాదు, అంత చెడ్డ తరంలోనే అలా నిలబడ్డాడంటే మంచి తరంలో ఇంకెంత గొప్పవాడయ్యేవాడో! మొదటి వైపు ఒక పోలిక కూడా చెప్పారు. పులిసిపోయిన పీపాల మధ్య ఒక మంచి ద్రాక్షారసం పీపా ఉంటే అది ఘుమఘుమలాడుతుంది. దాన్ని వేరే చోట పెడితే ఆ వాసన తెలియదు. ఎవరు కరెక్టు? ఇద్దరి మాటా రాసి ఉంచారు వాళ్లు.

నేను గమనించిన విషయం ఒకటి చెబుతాను. ఇంటికి వెళ్లి మీరే చూడండి. దేవుడు నోవహుతో మాట్లాడాడు, ఓడ కొలతలు చెప్పాడు. 300 మూరల పొడవు, 50 మూరల వెడల్పు, 30 మూరల ఎత్తు. మూర అంటే మనకు తెలిసిందే, మల్లెపూలు కొనేటప్పుడు మోచేతి నుంచి వేలి చివరిదాకా కొలుస్తారే, అదే. సుమారు 135 మీటర్ల పొడవు అన్నమాట. చితిసారకపు మ్రాను అనే కర్ర, లోపల బయట కీలు, అంటే నీళ్లు కారకుండా పూసే తారు. ఇదంతా విని నోవహు ఏమన్నాడు? ఏమీ అనలేదు. దేవుడు చెప్పినట్టే చేశాడు అని ఉంది, అంతే. అందరూ చనిపోతారు అని దేవుడు చెబితే నోవహు ఏమన్నాడు? ఏమీ అనలేదు. ఓడ ఎక్కేటప్పుడు? ఏమీ అనలేదు. దిగాక? బలి అర్పించాడు, మాట మాత్రం రాసి లేదు.

అబ్రాహామును చూడండి. సొదొమను నాశనం చేస్తానంటే అబ్రాహాము దేవుడికి ఎదురు నిలబడి బేరమాడాడు. యాభై మంది ఉంటే? నలభై ఐదు? నలభై? ముప్ఫై? ఇరవై? పది? మోషే అయితే ఇంకా ముందుకు వెళ్లాడు. వీళ్ల పాపం క్షమించు, లేకపోతే నీ గ్రంథంలోంచి నా పేరు తుడిచెయ్ అన్నాడు. నోవహు అడగలేదు. పేతురు రెండో పత్రికలో నోవహును నీతిని ప్రకటించినవాడు అన్నారు, దాన్ని నేను కాదనను. మనుషులకు ప్రకటించాడు. మనుషుల కోసం దేవుణ్ణి అడిగినట్టు మాత్రం ఆదికాండములో లేదు. విధేయతలో నోవహును మించినవాడు లేడు. అయినా ఆ విధేయతలో ఏదో వెలితి ఉంది అనిపిస్తుంది నాకు. మీకు అనిపించడం లేదా? నేను రక్షణ పొందాను, నా భార్యాపిల్లలు రక్షణ పొందారు, తలుపు మూసుకుంది. ఆ తలుపు కూడా నోవహు మూయలేదు. ఏడో అధ్యాయం పదహారో వచనం, దేవుడే మూశాడు. బహుశా ఆ తలుపు మూసే బరువు ఒక మనిషి చేతి మీద పెట్టకూడదనుకున్నాడేమో.

ఇంకొకటి. ఓడ అనగానే మనకు తెరచాప, చుక్కాని ఉన్న నావ గుర్తొస్తుంది. హీబ్రూలో ఇక్కడి మాట తేబా, పెట్టె అని. ఈ మాట బైబిల్లో ఇంకొక్క చోటే వస్తుంది. పసిబిడ్డ మోషేను వాళ్లమ్మ నైలు నదిలో వదిలిన జమ్ము పెట్టె. దానికీ కీలు పూశారు, దీనికీ కీలు పూశారు. రెండింటికీ చుక్కాని లేదు. ఎటు పోవాలో లోపల ఉన్నవాళ్ల చేతిలో లేదు. నోవహు 600వ ఏట రెండో నెల పదిహేడో తేదీన నీళ్లు మొదలయ్యాయి. 601వ ఏట రెండో నెల ఇరవై ఏడున నేల ఆరింది. ఏడాది మీద పది రోజులు చుక్కాని లేని పెట్టెలో. మధ్యలో ఎనిమిదో అధ్యాయం మొదటి వచనం: దేవుడు నోవహును, అతనితో ఉన్న జంతువులను, పశువులను జ్ఞాపకం చేసుకున్నాడు. పశువులను కూడా. నేను ఆ వచనం చదివినప్పుడల్లా మన గేదెలు, మేకలు గుర్తొస్తాయి. తుఫాను హెచ్చరిక వస్తే మనం ముందు వాటి పలుపులు విప్పి వదిలేస్తాం కదా.

ఇప్పుడు ఆరో అధ్యాయం ఐదో వచనంలో వేలు ఉంచమన్నాను కదా. ఇంకో వేలు ఎనిమిదో అధ్యాయం ఇరవై ఒకటిలో పెట్టండి. రెండూ కలిపి చదవండి. నెమ్మదిగా.

ఆరులో: మనిషి హృదయం చెడ్డది, కాబట్టి నాశనం చేస్తాను.

ఎనిమిదిలో: ఇక మనుషులను బట్టి భూమిని మళ్లీ శపించను. "ఎందుకనగా నరుల హృదయాలోచన వారి బాల్యమునుండి చెడ్డది."

ఎందుకనగా! చూశారా? నాశనం చేయడానికి ఏ కారణం చెప్పాడో, నాశనం చేయకుండా ఉండటానికీ అదే కారణం చెప్పాడు. నేను మొదటిసారి ఇది గమనించినప్పుడు అచ్చుతప్పేమో అనుకుని వేరే తర్జుమాలు తీసి చూశాను. అన్నిటిలో ఇంతే. మనిషి మారాడు కాబట్టి ఇక శపించను అని ఉండాలి కదా, మన లెక్క ప్రకారం? అలా లేదు. ఇంత నీళ్లు, ఇంత చావు, ఇంత ఏడాది గడిచాక కూడా మనిషి హృదయం చెడ్డదే. బాల్యం నుంచి చెడ్డదే. నీళ్లు భూమిని కడిగాయి. హృదయాన్ని కడగలేకపోయాయి. ఆ మాట విమర్శకులు అనలేదు, వాక్యమే అంటోంది.

నాకు తెలిసిన ఒక ఇంట్లో జరిగింది. కొడుకు తాగుబోతు. తండ్రి విసిగిపోయి ఒకరోజు, నువ్వు తాగుతావు, నా ఇంట్లో ఉండొద్దు అని గెంటేశాడు. సంవత్సరం తర్వాత తనే వెళ్లి తీసుకొచ్చాడు. మానేశాడా అని మేం అడిగాం. లేదండీ, అన్నాడు. మరి ఎందుకు తెచ్చుకున్నారు? "వాడు తాగుతాడు కదండీ. బయట ఉంటే చచ్చిపోతాడు." కారణం ఒక్కటే. మొదట గెంటడానికి పనికొచ్చింది, తర్వాత తెచ్చుకోవడానికి పనికొచ్చింది. మధ్యలో మారింది ఎవరు? కొడుకు కాదు. తండ్రి కూడా తాగుడు మంచిదే అని ఒప్పుకోలేదు. ఆ నొప్పిని ఇంట్లోనే పెట్టుకుని భరించడానికి సిద్ధపడ్డాడు. ఎనిమిదో అధ్యాయం ఇరవై ఒకటో వచనం నాకు ఆ తండ్రి మాటల్లోనే అర్థమైంది.

తొమ్మిదో అధ్యాయంలో ధనుస్సు. మేఘంలో నా ధనుస్సు ఉంచాను అన్నాడు. మన తెలుగులో చూడండి, ఇంద్రధనుస్సు అన్నా హరివిల్లు అన్నా విల్లే. యుద్ధం చేసే విల్లు. హీబ్రూలో కూడా అంతే, బాణాలు వేసే విల్లుకు ఏ మాటో దీనికీ అదే మాట. యుద్ధం అయిపోయినవాడు విల్లు తీసి గోడకు తగిలించినట్టు ఆయన మేఘానికి తగిలించాడు. ఎవరు చూసి జ్ఞాపకం చేసుకోవాలట? మనం చూసి అని చాలామంది చెబుతారు. పదహారో వచనం చదవండి: నేను దాన్ని చూసి నిబంధనను జ్ఞాపకం చేసుకుంటాను అన్నాడు దేవుడు. ఆ గుర్తు ఆయనకోసం ఆయన పెట్టుకున్నది. ఆ నిబంధన నోవహు ఒక్కడితో కూడా కాదు. పక్షులతో, పశువులతో, సమస్త జీవులతో. షరతు ఒక్కటీ లేదు. మీరు ఇలా ఉంటే నేను ఇలా ఉంటాను అని లేదు. అలాగని రక్తం చిందించినవాణ్ణి వదిలేస్తాను అనలేదు. నరుడి ప్రాణం గురించి నరుణ్ణే లెక్క అడుగుతాను అని అదే అధ్యాయం మొదట్లో గట్టిగా చెప్పాడు. బలాత్కారానికి తీర్పు ఉంది. ఇక లోకమంతా ముంచి ఆ తీర్పు చేయను అన్నాడు.

సరే, కథ ఇక్కడ ఆగితే బాగుండేది. ఇంద్రధనుస్సు దగ్గర ఆగి పిల్లలకు రంగులు పంచేవాళ్లం. కానీ వాక్యం ఆగలేదు. నోవహు ద్రాక్షతోట వేశాడు, తాగాడు, గుడారంలో వస్త్రం లేకుండా పడిపోయాడు. కొడుకు హాము అది చూసి, బయట ఉన్న అన్నదమ్ములకు చెప్పాడు. లోకంలో మిగిలిన ఒకే ఒక్క నీతిపరుడు! ఎందుకు తాగాడో వాక్యం చెప్పలేదు. అంతమంది చావు చూసి వచ్చిన మనిషి. నేను ఆయన్ని తీర్పు తీర్చలేను. మీరూ తీర్చకండి.

నిద్ర లేచాక నోవహు మాట్లాడాడు. గుర్తుందా, నోవహు మాట్లాడలేదు, మాట్లాడలేదు అన్నాను. నాలుగు అధ్యాయాల్లో నోవహు నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "కనాను శపింపబడినవాడై." శాపం. అదీ తప్పు చేసిన హాము మీద కాదు, హాము కొడుకు కనాను మీద. ఇక మీదట శపించను అని దేవుడు అన్న మాట ఇంకా గాలిలో ఉండగానే, మనిషి నోరు తెరిచి శపించాడు.

ఈ శాపాన్ని తర్వాతి తరాలు ఏం చేశాయో కూడా చెప్పాలి. అమెరికాలో నల్లవాళ్లను బానిసలుగా పెట్టుకున్న తెల్ల క్రైస్తవులు, హాము సంతానం శాపగ్రస్తులు, వీళ్లు బానిసలుగా ఉండటం దేవుడి తీర్పు అని ప్రసంగ పీఠాల మీద నుంచే బోధించారు. వాక్యంలో ఆ శాపం హాము మీద లేదు. దేవుడి నోటి నుంచి రాలేదు. మత్తు దిగిన ఒక ముసలాయన నోటి నుంచి వచ్చింది. అయినా దాన్ని దేవుడి తీర్పు చేసేశారు. శాపం పేరు చెప్పి మనుషుల్ని కింద ఉంచడం అంటే ఏమిటో మన తాతలకు ఎవరూ వివరించక్కర్లేదు. అందుకే మనలో ఎవరూ, ఎవరి మీదా, దేవుడి తీర్పు అనే మాటను అంత తేలిగ్గా పడేయకూడదు.

నేను దీన్ని కళ్లారా చూశాను. 1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన. అప్పుడు నాకు పదేళ్లు. ఇక్కడ పెద్దవాళ్లకు తెలుసు. నాగాయలంక, కోడూరు వైపు సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. వేలమంది పోయారు. ఎవరు పోయారు? గుడిసెల్లో ఉన్న కూలీలు, చేపలు పట్టుకునేవాళ్లు, వాళ్ల పిల్లలు. మా ఊళ్లో ఒక పెద్దాయన ఆ ఆదివారం లేచి, నోవహు కాలంలాగే వాళ్ల పాపం పండింది అన్నాడు. మా అమ్మ ఏడుస్తూ బయటికి వచ్చేసింది. మా మేనత్తది ఆ వైపే. ఆవిడ వారం వారం ఉపవాసం ఉండి ప్రార్థన చేసే మనిషి. ఆవిడ దొరకలేదు.

ఆ పెద్దాయన నోవహు కథ చదివాడు, ఎనిమిదో అధ్యాయం చదవలేదు. ఇక ఇలా చేయను అని దేవుడు ప్రమాణం చేశాక, వచ్చిన ప్రతి నీటినీ ఆయన ఖాతాలో రాయడం ఆయన్ని అబద్ధికుణ్ణి చేయడం కాదా? యేసు ప్రభువు దగ్గరికి కూడా ఇలాంటి మాట వచ్చింది. లూకా 13వ అధ్యాయం. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చారు. వాళ్లు యెరూషలేములో ఉన్న అందరికంటే ఎక్కువ అపరాధులనుకుంటున్నారా? కారు అని చెబుతున్నాను అన్నాడు. తర్వాత, మీరు మారుమనస్సు పొందండి అన్నాడు. వేలు చచ్చినవాళ్ల వైపు నుంచి తిప్పి అడిగేవాళ్ల వైపు పెట్టాడు. నోవహు కథను కూడా అలాగే చదవాలి. ఎల్లప్పుడూ, కేవలం, అంతా అన్న మూడు మాటలు ఎవరో పాత తరం గురించి రాసినవి అనుకుంటే, బాల్యం నుంచి అన్న మాట ఎవరి గురించి? అది నీళ్లు పోయాక రాసింది. ఓడ దిగినవాళ్ల గురించి రాసింది. మనం వాళ్ల పిల్లలం.

టైమ్ అయిపోయింది, తెలుసు. ఒక్క రెండు నిమిషాలు. మళ్లీ ఆ పాప దగ్గరికి వెళ్లి ముగిస్తాను.

ఓడ ఎక్కనివాళ్లని ఎక్కడ గీయాలి అని అడిగింది కదా. ఆ రోజు ఏదో చెప్పి తప్పించుకున్నాను. పోయిన ఆదివారం మళ్లీ పిలిచాను. అమ్మా, నీళ్లల్లో గీయి, వాళ్లు అక్కడే ఉన్నారు అన్నాను. దేవుడు చూడలేదా అంది. చూశాడమ్మా, చూసి నొచ్చుకున్నాడు అని ఆరో అధ్యాయం చదివి వినిపించాను. ఆ నీళ్లల్లో పసిపిల్లలు కూడా ఉన్నారా అంది. ఉన్నారు అన్నాను. అంతకుమించి ఏమీ చెప్పలేదు. వాక్యం ఆ పిల్లల గురించి ఒక్క మాట చెప్పలేదు, నేను కల్పించి చెప్పదలచుకోలేదు.

ఆ పాప గీసింది. బొమ్మ ఇదిగో, తెచ్చాను. ముందున్నవాళ్లు చూసి వెనక్కి అందించండి, జాగ్రత్తగా పట్టుకోండి. ఓడ చిన్నదిగా ఒక మూల ఉంది. కాగితం అంతా నీళ్లు. నీళ్లల్లో చాలామంది ఉన్నారు, చేతులు పైకెత్తి. లెక్కపెట్టాను, ఇరవై ముగ్గురు. పైన మేఘంలో ఒక ముఖం గీసింది, ఆ కళ్ల నుంచి గీతలు కిందిదాకా దించింది. వాన ఎక్కడమ్మా అని అడిగితే ఆ గీతలే చూపించింది.

సండే స్కూల్ గోడ మీద జిరాఫీ బొమ్మల పక్కన దీన్ని కూడా అంటిస్తున్నాం. ప్రార్థన చేసుకుందాం.